చలిలేని దీవిలో కదలని డీజిల్ కారు

(సంఘ వార్షికోత్సవ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



డిల్లీనుండియో డెహ్రాడూనునుండియో బదిలీయై పోర్టుబ్లేయరు చేరిన ఉద్యోగి, డిసెంబరు మాసమున ఒకనాటి ఉదయము తన డీజిల్ కారు స్టార్టు కాకపోయినచో, మొట్టమొదట అనుమానించునది చలిని. ఉత్తరాదిని ఆ అనుమానము న్యాయమే. కాని 2024 సెప్టెంబరు నుండి శ్రీవిజయపురమని పిలువబడుచున్న ఈ పట్టణమున శీతకాలపు రాత్రులందు సైతము ఉష్ణము సగటున 22 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద నిలుచును. ఇచ్చట చలిని నిందించుట, దొంగ పెరటిలో నుండగా వీధివాకిలి కాచుట వంటిది.

డీజిల్ ఇంజనుకు నిప్పురవ్వ నిచ్చు ప్లగ్గు లేదు. సిలిండరులోని గాలిని పిస్టను పదునైదు ఇరువదవ వంతునకు నొక్కివేయగా, ఆ గాలి అయిదువందల డిగ్రీలకు పైగా వేడెక్కును. ఆ వేడిలోనికి చమురు తుంపరగా చిమ్మబడి తనంత తానే అంటుకొనును. 1897లో జర్మనీ దేశమున ఆగ్స్‌బర్గు నగరములో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపిన యంత్రపు రహస్య మింతియే. కావున ఈ యంత్రము కదలకున్నచో అడుగవలసిన ప్రశ్నలు రెండే: వేడి పుట్టుచున్నదా? చమురు చేరుచున్నదా?

శీతల ప్రదేశములందు చలి ఈ రెండింటిని చెఱచును. చల్లని ఇనుము గాలిలోని వేడిని పీల్చును. ఇంజను ఆయిలు చిక్కబడును. బ్యాటరీ బలము తగ్గును. ఇంజను మెల్లగా తిరిగి, నొక్కిన గాలి పిస్టను అంచులనుండి జారిపోవును. గ్లో ప్లగ్గు లుండుట ఆ లోటు తీర్చుటకే. ఇక డీజిల్‌లోని మైనము పేరుకొని ఫిల్టరును మూసివేయును. లడక్ వంటి చోట్లకై ఇండియన్ ఆయిల్ సంస్థ 2019లో మైనస్ 33 డిగ్రీల వరకు గడ్డకట్టని ప్రత్యేకపు డీజిల్‌ను విడుదల చేసినది. సాధారణపు డీజిల్ ఫిల్టరులో అడ్డుపడు ఉష్ణము శీతకాలమున 6 డిగ్రీలకు, వేసవిలో 18 డిగ్రీలకు మించరాదని భారత ప్రమాణము. ఈ లెక్కను బట్టి లంబసింగిలో, ఆదిలాబాదులో జనవరి తెల్లవారుజామున మైనమును కొంత అనుమానింపవచ్చును. అండమానులో దానికి చోటు లేదు.

అయినను ఇచ్చట కార్లు మొరాయించుచునే యున్నవి. దోషి ఎవరు? నీరు, ఉప్పు.

పరీక్ష చెవితో ఆరంభింపవలెను. తాళపుచెవి త్రిప్పినపుడు ‘టక్’ మని ఊరకున్నను, మూలుగుచు మెల్లగా తిరిగినను, చమురు జోలికి పోనక్కరలేదు. బానెట్టు ఎత్తి బ్యాటరీ కొసలను చూడవలెను. సముద్రపు గాలి తగిలి అచ్చట తెల్లగానో పచ్చగానో చిలుము పట్టియుండును. కొసలు విప్పి, వేడినీటితో కడిగి, ఆరబెట్టి, గీకి బిగించినచో పెక్కు కార్లు లేచును. బ్యాటరీ నుండి కారు చట్రమునకు పోవు ఎర్తు తీగను మాత్రము ఎవరును చూడరు. అది పైకి బాగుగనే కనిపించుచు బోల్టు క్రింద తుప్పు తినును. క్రొత్త బ్యాటరీ కొన్న పిమ్మట గాని ఆ సంగతి తెలియని వారు పెక్కుమంది.

ఇంజను చురుకుగా తిరుగుచు అంటుకొనకున్నచో, ఒకరు వెనుకకు పోయి పొగగొట్టమును చూడవలెను. తెల్లని పొగ వచ్చుచున్నచో చమురు చేరుచున్నది, కాలుటలేదు. గాలి నొక్కుడులో లోపమో, చమురులో నీరో ఉండును. పొగయే లేనిచో చమురే చేరుటలేదు. ఇందుకు ఖర్చు లేదు, పరికరము లేదు. అయినను దీనిని విడిచి నేరుగా గ్లో ప్లగ్గులు మార్పించువారే ఎక్కువ. కొత్త ఇంజన్లు ఈ వాతావరణమున ఆ ప్లగ్గులు లేకనే సాధారణముగా లేచును. పాత అంబాసిడరు డీజిల్ వంటి వాటికి మాత్రము ఇచ్చటను కొంత ముందువేడి కావలసియుండును.

చమురులోనికి నీరు ఎట్లు వచ్చును? సగము నిండిన ట్యాంకులోని తడిగాలి రాత్రి చల్లబడి గోడలపై చెమర్చును. ఏటికి సుమారు మూడువేల మిల్లీమీటర్ల వాన కురియు చోట గాలి యెన్నడును పొడిగా నుండదు. నీరు బరువైనది గనుక అడుగున చేరును. నీటికిని డీజిల్‌కును నడిమి పొరలో సూక్ష్మజీవులు పెరిగి, జిగురువంటి నల్లని మడ్డి కట్టి ఫిల్టరును మూయును. చలిదేశమున మైనము చేయు పనిని ఇచ్చట ఈ మడ్డి చేయుచున్నది. లోపము వేఱు, లక్షణ మొక్కటి. కావుననే నేర్పరులు సైతము మోసపోదురు.

జంగ్లీఘాటులో స్థిరపడిన తెలుగు మత్స్యకారులకు ఈ సంగతి క్రొత్త కాదు. వారి డోంగీలలోని చిన్న డీజిల్ యంత్రము చమురు గొట్టములోనికి గాలి చొరబడి ఆగినపుడు, స్క్రూ వదులుచేసి, చేతిపంపు నొక్కి, బుడగలు పోయి చమురు ధారగా వచ్చువఱకు ఓపిక పట్టుదురు. కారు యజమానికి మాత్రము ఆ ఓపిక యుండదు. స్టార్టరును నిమిషములకొద్దీ త్రిప్పి బ్యాటరీని చంపును. పది సెకండ్లు త్రిప్పి, ఒక నిమిషము ఆగుట మేలు. ఈథరు చిమ్ముట అపాయకరము. గ్లో ప్లగ్గు వేడికి అది పేలవచ్చును. కారు వరదనీటిలో ఆగినచో తాళపుచెవి ముట్టరాదు. సిలిండరులో చేరిన నీరు నొక్కుడుపడక కనెక్టింగ్ రాడ్డును వంచును.

జిర్కాటాంగు వద్ద వాహనములు నియమిత వేళలందు మాత్రమే బారుగా బయలుదేరును. నడుమ జరవాల అడవిలో ఆగుటకు వీలులేదు. అచ్చట లేవని కారు తరువాతి బారు వఱకు నిలిచిపోవును. విశాఖపట్టణపు ఓడ సంగతి మరియు కఠినము: అది చెన్నై, కోల్‌కతా ఓడలంత తరచుగా లేదు. కన్నతల్లికి జబ్బని కబురందిన ఉద్యోగికి, హాడో రేవునకు పోవలసిన ఉదయమున కారు లేవకున్నచో, పోవునది ఒక పూట కాదు.

అందుచేత ఆ ముందురాత్రియే ఫిల్టరు అడుగుననున్న మరను వదులుచేసి, ఒక గాజుసీసాలోనికి కొంత డీజిల్ పట్టవలెను. పావుగంట ఉంచి దీపమున కెదురుగా చూచినచో, నీరున్నపుడు అడుగున వేఱుగా ఒక గీత కనిపించును. గీత కానరానంతవఱకు వదలి, మర బిగించి, చేతిపంపు గట్టిపడువఱకు నొక్కి, ఒకమారు ఇంజనును నడిపి చూచి పడుకొనవచ్చును.