ఇంటిలో వైఫై: అంకెను చూచి కొనవచ్చునా?



తీగ లేకయే ఇంటిలో ఇంటర్నెట్టును పంచు పెట్టెను గూర్చి నేడు నాలుగు మాటలు మనవి చేయదలచితిని. ఆ పెట్టెను రౌటరనియు, అది పంచు విధమును వైఫై యనియు మన పిల్లలు చెప్పుచుందురు. అంగడిలో వీనిపై ఐదు, ఆరు, ఏడు అను అంకెలు కన్పించును. పెద్ద అంకె గలదియే మేలని కొనువారి నమ్మకము. నేనును అట్లే నమ్మి చేయి కాల్చుకొంటిని.

మాది తాతలనాటి మండువా లోగిలి. గోడలు మూరెడు మందము. మా అక్కగారు పక్షవాతముతో లోపలిగదిలో మంచము పట్టియున్నారు. అమెరికాలోనున్న ఆమె కుమారుడు ప్రతిరాత్రియు ఫోనులో ముఖము చూపి మాటలాడును. మాటలు తెగిపోవుచుండుటచే, అంగడివాడు పొగడిన క్రొత్త పెట్టెను కొని వసారాలో నుంచితిని. వసారాలో అది గుర్రమువలె పరుగెత్తినది. లోపలిగదిలో మాత్రము మేనల్లుడు నోరు తెరచినవాడు తెరచినట్లే నిలిచిపోయెడివాడు. "వాడేమనుచున్నాడురా తమ్ముడూ" అని అక్కగారు నన్నడుగుచుండిరి. నేనేమి చెప్పుదును?

కారణము విచారింపగా తెలిసినదిది. ఆ అంకెలు తరముల పేర్లు మాత్రమే. ఐఈఈఈ అను ఇంజనీరుల సంస్థ ఈ ప్రమాణములను నిర్ణయించును. 1999 నాటి 'బి' ప్రమాణము సెకనుకు 11 మెగాబిట్లు మోయగలిగినది. 2003 నాటి 'జి' 54 మోసినది. 2009లో 'ఎన్', 2013లో 'ఏసి', 2021లో 'ఏఎక్స్' వచ్చినవి. ఈ మూడింటిని 4, 5, 6 అని పిలుచు వాడుక 2018లో మొదలైనది. ఏడవ తరపు పెట్టెలకు 2024 నుండి ధ్రువపత్రము లిచ్చుచున్నారు.

అంకెకంటె ముఖ్యమైనది అల. 2.4 గిగాహెర్ట్‌జ్ అల నెమ్మదియైనది గాని, గోడను కొంతవరకు దాటిపోగలదు. 5 గిగాహెర్ట్‌జ్ అల మిక్కిలి వడిగలది. అయినను మందపుగోడ అడ్డమైన నీరసించిపోవును. ఇందొక చిత్రమున్నది. ఐదవ తరము 5 గిగాహెర్ట్‌జ్ అలకే నిర్ణయింపబడినది. కావున ఐదవ తరపు పెట్టె గోడ దాటవలసి వచ్చినప్పుడు పాత నాల్గవ తరమునే ఆశ్రయించును! ఆరవది రెండలల మీదను నడచును. ఇంటిలో పదిమంది ఒక్కమారు వాడినను వంతులు చక్కగా పంచును. అయితే చేతిలోని ఫోను పాతదైనచో ఎంత క్రొత్త పెట్టెయైనను దానితో పాత పద్ధతినే నడువవలసినదే.

పట్టణములో ఇల్లిల్లు నానుకొని యుండును. 2.4 అలలో ఒకదానినొకటి ఒరయని దారులు మూడే గనుక, ఇరుగుపొరుగు పెట్టెలు అక్కడ త్రొక్కిడి చేయును. అట్టిచోట 5 అలయే మేలు. పల్లెలో ఆ బాధ తక్కువ. ముఖము చూచి మాటలాడుటకు రెండు మూడు మెగాబిట్లు నిలుకడగా అందిన చాలును.

పిదప నేను చేసినదేమనగా, పెట్టెను ఇనుపబీరువా ప్రక్కనుండి తీయించి మండువాలో ఎత్తుగా పెట్టించితిని. కొంత మేలైనది గాని చాలలేదు. అప్పుడు గోడ తొలిపించి లోపలిగదికొక తీగ లాగించి, అటకమీద పడియున్న పాత నాల్గవ తరపు పెట్టెను దానికి తగిలించితిమి. తీగ లేని విద్యకు తుదకు తీగయే దిక్కైనదని ఇరుగుపొరుగువారు నవ్విరి. తీగకును కూలికిని అయినది క్రొత్త పెట్టె వెలలో పదవవంతు కూడ కాదు.

ఇప్పుడు అక్కగారు నన్నేమియు అడుగుట లేదు. పిల్లవాడు చిక్కిపోయినాడని మాత్రము ప్రతిరాత్రియు చెప్పుచుందురు.