దేశ భద్రత – మన ఇంటి గడప



ఈనాటి ప్రసంగ విషయం దేశ భద్రత, వ్యక్తిగత గోప్యత. వినడానికి ఇది ఢిల్లీలో న్యాయవాదులు వాదించుకునే సంగతిలా అనిపించవచ్చు. కాని తిరుత్తణిలోనో, పళ్ళిపట్టులోనో, ఊత్తుకోటలోనో కాపురముండే మనకు ఇది తరచుగా ఎదురయ్యే విషయమే. మన ఇళ్ళలో ఎందరికో పుట్టిల్లు ఒక రాష్ట్రంలో ఉంటే మెట్టినిల్లు ఇంకో రాష్ట్రంలో ఉంటుంది. పెళ్ళి బట్టలకు నగరికి, వైద్యానికి వేలూరుకు, మొక్కు తీర్చుకోవడానికి తిరుపతికి పోతూ వస్తూ ఉంటాం. సరిహద్దు దగ్గర బండి ఆపి సంచి విప్పమంటారు. ఎన్నికలు వస్తే చేతిలోని రొక్కానికి లెక్క చెప్పమంటారు. గుమ్మిడిపూండిలోనో, ఆవడిలోనో పనికి పోయి ఇల్లు అద్దెకు అడిగితే ఆధార్ నకలు ఇమ్మంటారు. వీధి మొగలో కెమెరా ఉంటుంది. జేబులో సెల్‌ఫోన్ ఉంటుంది. మనం ఎక్కడికి పోయామో, ఎవరితో మాట్లాడామో మనకంటే ఆ ఫోనుకే బాగా గుర్తుంటుంది.

ఇదంతా మన రక్షణ కోసమేనా? అయితే ఈ రక్షణకు హద్దు ఎక్కడ? ఈ రెండు ప్రశ్నలను కాసేపు ఆలోచిద్దాం.

ముందు ప్రభుత్వం పక్షాన చెప్పవలసిన మాట చెప్పుకోవాలి. భద్రత అనేది ఉత్తుత్తి మాట కాదని మన ప్రాంతం వారికి ఎవరూ నేర్పనక్కరలేదు. 1991 మే 21వ తేదీ రాత్రి మాజీ ప్రధాని రాజీవ్ గాంధీ గారు బాంబు పేలుడులో మరణించింది మన పొరుగునే ఉన్న శ్రీపెరుంబుదూరులో. ఆ సభలో ఫొటోలు తీస్తున్న యువకుడు కూడా ఆ పేలుడులోనే చనిపోయాడు. అతని కెమెరా మాత్రం మిగిలింది. దానిలోని ఫిల్ము కడిగి చూస్తే హంతకుల ముఖాలు కనిపించాయి. దర్యాప్తుకు దారి చూపింది ఆ బొమ్మలే. ఆడికృత్తికకు తిరుత్తణి కొండకు లక్షల మంది కావళ్ళతో వస్తారు. అమావాస్య నాడు తిరువళ్ళూరు వీరరాఘవస్వామి కోనేటి దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం ఉంటారు. అటువంటి చోట పోలీసులు కెమెరా పెడితే తప్పిపోయిన పిల్లవాడు దొరుకుతాడు, మెడలో గొలుసు లాగిన దొంగ దొరుకుతాడు. దీన్ని ఎవరూ కాదనరు.

అయితే ఆ రాజీవ్ హత్య కేసే ఇంకొక పాఠం కూడా చెబుతుంది. టాడా చట్టం కింద ఆ కేసు విచారణ జరిగింది ఇప్పుడు మన తిరువళ్ళూరు జిల్లాలో ఉన్న పూందమల్లిలో. 1998 జనవరిలో ఆ ప్రత్యేక న్యాయస్థానం 26 మందికీ మరణశిక్ష వేసింది. 1999 మేలో సుప్రీంకోర్టు ఈ నేరానికి అసలు టాడా చట్టం వర్తించదని చెప్పి, ఏడుగురిని మాత్రమే హత్య కుట్రలో దోషులుగా నిలిపి, మిగతా 19 మందిని ఆ నేరం నుండి తప్పించింది. పెద్ద ఘోరం జరిగిన వేళ, కోపంలో, తొందరలో విసిరిన వలలో ఎవరెవరు చిక్కుతారో చెప్పలేం. అందుకే పైన ఇంకొక కన్ను ఉండాలి.

ఇక్కడ కొందరు ఒక మాట అంటారు. "తప్పు చేయనివాడికి భయం ఎందుకు? చూసుకోనీ!" అని. బాగానే ఉంది. కాని మనం రాత్రి తలుపు గడియ పెట్టుకునేది లోపల దొంగతనం చేస్తున్నందుకా? ఆడపిల్లకు సంబంధం చూస్తున్నాం, ఇంకా కుదరలేదు. ఇంట్లో ఒకరికి జబ్బు ఉంది, ఊరికి చెప్పుకోలేదు. ఒకరి దగ్గర అప్పు తెచ్చాం. ఫలానా పార్టీకి ఓటు వేశాం. వీటిలో ఏదీ నేరం కాదు. అయినా నలుగురిలో పెట్టే సంగతులు కావు. గోప్యత అంటే ఇంతే. ఎవరికి ఏది చెప్పాలో మనమే నిర్ణయించుకునే హక్కు.

ఈ హక్కును మన దేశంలో గట్టిగా అడిగినవాడు గొప్ప ధనవంతుడేమీ కాదు. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఖరక్ సింగ్ అనే వ్యక్తి. 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక విడిచిపెట్టారు. అయినా పోలీసులు అతని పేరిట చరిత్ర పట్టిక తెరిచారు. రాత్రిళ్ళు వచ్చి తలుపు తట్టడం, పేరు పెట్టి కేకవేసి నిద్ర లేపడం, ఊరు విడిచి పోతే వెంట కబురు పంపడం సాగించారు. 1962లో సుప్రీంకోర్టు ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనం రాత్రి తలుపు తట్టడం చెల్లదంది. కాని గోప్యత ప్రాథమిక హక్కు కాదని అధిక సంఖ్యాకులు అన్నారు. దానికి ఒప్పుకోకుండా వేరే తీర్పు రాసినవారు మన తెలుగువారు, రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు గారు. మరొక న్యాయమూర్తి షా గారు ఆయనతో ఏకీభవించారు. వెనుక పోలీసు నీడ నడుస్తుంటే ముందు నడిచేవాడిది స్వేచ్ఛగా నడిచే నడక కాదని, గోప్యత లేకుండా వ్యక్తి స్వేచ్ఛ లేదని ఆయన వాదన సారాంశం.

1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఏర్పడినప్పుడు దానికి తొలి ప్రధాన న్యాయమూర్తి సుబ్బారావు గారే. అప్పటికి తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనిదే. 1960 ఏప్రిల్ 1న గాని మద్రాసు రాష్ట్రంలో కలవలేదు. అంటే మన పెద్దల వ్యాజ్యాలు కూడా ఆనాడు ఆయన కోర్టుకే పోయేవి. 1962లో నెగ్గని ఆయన మాట 55 ఏళ్ళ తర్వాత నెగ్గింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చారు. ఆ తొమ్మిది మందిలో కృష్ణా జిల్లాకు చెందిన జాస్తి చలమేశ్వర్ గారు ఒకరు.

ఒక మనిషిపై నిఘా సంగతి ఇది. ఒక జాతి మొత్తం మీద నిఘా పెట్టిన రోజులు కూడా ఉన్నాయి. 1911 నుండి మద్రాసు రాజధానిలో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం అమలైంది. మన వైపు ఎరుకల వారు, తమిళనాట కొరవలు ఆ జాబితాకెక్కారు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకునే వారికి రైళ్ళు వచ్చాక బతుకుతెరువు పోయింది. ఆపైన తిరగడమే నేరమైంది. పేరు నమోదు చేయించుకోవాలి, పోలీసు ముందు హాజరు చెప్పుకోవాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అలా పుట్టిన ఊరే. 1947లో మద్రాసులోను, 1952లో దేశమంతటా ఆ చట్టం రద్దయింది. కాని కాగితం మీద పోయిన అనుమానం మనసుల్లోంచి పోలేదు. వెనుకబడిన వర్గాల్లో పుట్టినంత మాత్రాన పోలీసు చరిత్ర పట్టికల్లోకి యాంత్రికంగా పేర్లు ఎక్కించకూడదని సుప్రీంకోర్టు 2024 మేలో కూడా చెప్పవలసి వచ్చిందంటే ఆలోచించండి.

ఇక ఫోను సంగతి. "గోడలకు చెవులుంటాయి" అని మన పెద్దలు అనేవారు. ఇప్పుడు గోడతో పని లేదు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ప్రభుత్వానికి సందేశాలు వినే అధికారం ఇచ్చింది. ఇప్పుడు ఆ అధికారం 2023 టెలికమ్యూనికేషన్ల చట్టంలో ఉంది. అయితే ఎవరు పడితే వారు వినడానికి లేదు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు కొన్ని కట్టుబాట్లు పెట్టింది. హోం శాఖ కార్యదర్శి స్థాయిలో లిఖితపూర్వకమైన ఆజ్ఞ ఉండాలి. ఆ ఆజ్ఞ రెండు నెలలకే. పొడిగించినా ఆరు నెలలు దాటరాదు. దాన్ని ఒక కమిటీ సమీక్షించాలి. 2024 డిసెంబరులో వచ్చిన కొత్త నిబంధనలు కూడా దాదాపు ఈ దారినే నడిచాయి. కాని ఒక లోటు ఉండిపోయింది. ఆజ్ఞ ఇచ్చేది ప్రభుత్వ అధికారి, సమీక్షించేది కూడా ప్రభుత్వ అధికారులే. ఆ కమిటీలో న్యాయమూర్తి లేరు.

కట్టుబాట్లు కాగితానికే పరిమితమైతే ఏమవుతుందో చూడండి. 2024 మార్చిలో హైదరాబాదు పంజాగుట్ట పోలీసు స్టేషన్‌లో ఒక కేసు నమోదైంది. నిఘా విభాగంలో పనిచేసినవారే రాజకీయ నాయకుల, వ్యాపారుల ఫోన్లు చట్టవిరుద్ధంగా విన్నారని, తర్వాత హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని అందులో ఆరోపణ. నిజానిజాలు తేల్చవలసింది న్యాయస్థానం. మనం తీర్పు చెప్పకూడదు. కాని "కంచే చేను మేస్తే" అన్న సామెత ఆ వార్త విన్న వారికి గుర్తు రాకుండా ఉండదు. మద్రాసు హైకోర్టు 2025 జూలై 2న మరో తీర్పు ఇచ్చింది. ఒక లంచం కేసు కోసం 2011లో ఒక కంపెనీ అధికారి ఫోను వినడానికి ఇచ్చిన ఆజ్ఞను కొట్టివేసింది. ప్రజలకు అత్యవసర పరిస్థితి గాని, ప్రజా భద్రతకు ముప్పు గాని ఉంటేనే ఈ అధికారం వాడాలి తప్ప, మామూలు నేర పరిశోధనకు రహస్యంగా ఫోను వినడం కుదరదంది.

కెమెరాల విషయం కూడా రెండంచుల కత్తే. 2021 అక్టోబరులో హైదరాబాదులో పోలీసులు దారిన పోయేవారిని ఆపి, ఫోను తెరిపించి, వారి వాట్సాప్ సందేశాల్లో గంజాయి అన్న మాట ఉందేమోనని వెతికినట్లు వార్తలు వచ్చాయి. గంజాయిని అరికట్టాలి, సందేహం లేదు. కాని అందరి ఉత్తరాలూ చించి చదివి దొంగను పట్టుకోవడం ఏ పద్ధతి? అలాగే పోగుచేసిన సమాచారం భద్రంగా ఉంటుందన్న నమ్మకం కూడా లేదు. తమిళనాడు పోలీసుల ముఖ గుర్తింపు పోర్టల్‌లోకే అపరిచితులు చొరబడ్డారని 2024 మేలో బయటపడింది. దొంగల కోసం పెట్టిన పెట్టెకే కన్నం పడిందన్నమాట.

మరి కెమెరా పేదవాడికి రక్షణ కాగల చోట ఏమైంది? 2020 జూన్‌లో తూత్తుకుడి జిల్లా సాత్తాన్‌కుళంలో తండ్రీకొడుకులు పోలీసుల కస్టడీలో దెబ్బలు తిని మరణించారు. మేజిస్ట్రేటు పోయి చూస్తే స్టేషన్‌లో కెమెరాలు ఉన్నాయి, హార్డ్ డిస్కులో చోటు ఉంది; ఏ రోజు దృశ్యాలు ఆ రోజే చెరిగిపోయేలా అమర్చి ఉంది. వీధిలో మనల్ని మరువకుండా చూసే కెమెరా, స్టేషన్‌లో మాత్రం మరిచిపోయింది. ఆ ఏడాది డిసెంబరులోనే సుప్రీంకోర్టు ప్రతి పోలీసు స్టేషన్‌లో కెమెరాలు పెట్టాలని, దృశ్యాలను నెలల తరబడి దాచాలని ఆజ్ఞాపించింది.

కాబట్టి నిఘా వద్దనడం మన వాదం కాదు. 2017 తీర్పు చూపిన దారిలో నాలుగు ప్రశ్నలు అడగాలి. దీనికి చట్టం ఉందా? ఏ అవసరానికి? ఆ అవసరానికి ఇంత నిఘా, ఇంతకాలం కావాలా? తప్పు జరిగితే జవాబు చెప్పేవారు ఎవరు? కృత్తిక తిరునాళ్ళలో పెట్టిన కెమెరాను ఈ నాలుగు ప్రశ్నలూ అడిగి చూడండి. తిరునాళ్ళు అయ్యాక ఆ దృశ్యాలు ఎన్నాళ్ళు ఉంచుతారు, ఎవరి చేతిలో ఉంటాయి అన్నది తేలితే దానితో మనకు పేచీ లేదు. దారిన పోయేవాడి ఫోను విప్పించడాన్ని అడిగి చూడండి. మొదటి ప్రశ్న దగ్గరే అది ఆగిపోతుంది.

ఇంకొక మాట. గోప్యత పౌరునికే గాని అధికారి తప్పులకు ముసుగు కాదు. 1994లో ఆటో శంకర్ ఆత్మకథను నక్కీరన్ పత్రిక ప్రచురించకుండా అధికారులు అడ్డుపడినప్పుడు, జస్టిస్ జీవన్ రెడ్డి గారు తీర్పు రాస్తూ, పౌరునికి తన మానాన తాను ఉండే హక్కు ఉందన్నారు. అదే తీర్పులో, అధికారులు ఉద్యోగ ధర్మంలో చేసిన పనులపై విమర్శ రాకుండా ఆ హక్కును అడ్డు పెట్టుకోరాదన్నారు.

మరి మనం చేయగలిగింది ఏమిటి? ఆధార్ నకలు ఇచ్చేటప్పుడు ఏ పనికి ఇస్తున్నామో దాని మీదే రాసి, తేదీ వేసి సంతకం చేయండి. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న నాగరిక సురక్షా సంహిత ప్రకారం పోలీసులు ఇల్లు సోదా చేస్తే దాన్ని వీడియో తీయాలి. తీసుకుపోయిన వస్తువుల జాబితా ఇవ్వాలి. మర్యాదగా అడగండి; అడగడం ఎదురు తిరగడం కాదు. అన్యాయం జరిగిందనిపిస్తే తిరువళ్ళూరులోని జిల్లా న్యాయ సేవల సంస్థకు పోవచ్చు. మహిళలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. చెన్నైలోని రాష్ట్ర మానవ హక్కుల సంఘానికి అర్జీ పెట్టుకోవచ్చు. సరిహద్దులో ఉన్నవాళ్ళం, తమిళంలో రాయడం రాదని వెనుకాడకండి. తెలిసినవారి చేత రాయించుకోండి.

పోలీసు మనకు కావాలి. రాత్రి గస్తీ కావాలి. గస్తీ తిరిగేవాడు వీధిలో ఉండాలి. ఇంట్లోకి రావలసిన అవసరం పడితే కారణం చెప్పి, కాగితం చూపించి రావాలి. ఆ కాగితం అడిగే అలవాటు మనకు, చూపించే అలవాటు వారికి కలిగిననాడు ఊరికి భద్రతా ఉంటుంది, ఇంటికి గౌరవమూ ఉంటుంది.