డిలే పెడల్‌ని కీబోర్డు రిథమ్‌తో కలుపుదాం

పోయిన ఎపిసోడ్ విన్న తమ్ముళ్లు ఒకటే అడిగారు: "అన్నా, కీబోర్డులో రిథమ్ నడుస్తుంటే గిటార్ డిలే మాత్రం పక్కకి పోతోంది, ఏం చెయ్యాలి?" ఉగాది ప్రోగ్రాం రిహార్సల్‌కి మనకి దొరికేది ఆదివారం ఒక్క పూట. అదంతా నాబ్ తిప్పడంలోనే పోతే పాడేవాళ్లకి ఏం మిగుల్తుంది? అందుకే ఈరోజు ఈ మాట.

ముందు లెక్క. 60,000ని టెంపోతో భాగిస్తే ఒక బీటుకి ఎన్ని మిల్లీసెకండ్లో వస్తుంది. 120 టెంపోకి 500. అందులో ముప్పావు వంతు 375. నాబ్ 380 దగ్గర ఆగిందనుకోండి, మొదటి మోతకి తేడా 5 మాత్రమే. ఎనిమిదో మోతకి అది 40 అవుతుంది. పాడేవాళ్లకి తాళం తప్పినట్టు అనిపించేది అక్కడే.

1983లో వచ్చిన మిడి పద్ధతిలో కీబోర్డు ఒక్కో బీటుకి 24 టిక్కులు పంపుతుంది. ఖరీదైన పెడల్స్ వాటిని నేరుగా అందుకుంటాయి. మన దగ్గరున్నవాటిలో చాలావాటికి మిడి ఉండదు, కానీ బాస్ డీడీ-7 లాంటి వాటికి బయటి ట్యాప్ స్విచ్ పెట్టుకునే జాక్ ఉంటుంది. ఆ జాక్‌కి కావాల్సింది పుష్ బటన్ కాంటాక్ట్, అంతే. టిక్కులు లెక్కపెట్టి మన బదులు బటన్ నొక్కే చిన్న డబ్బా చేసుకుంటే సరి.

సామాను: ఒక ఆర్డినో నానో, మిడి వచ్చే వైపు 6ఎన్138 ఆప్టోకప్లర్, పెడల్ వైపు పీసీ817, కొన్ని రెసిస్టర్లు, ఒక డయోడ్, సాకెట్లు. జలాన్ బెసార్‌లోని సిమ్ లిమ్ టవర్‌లో ఇలాంటివి దొరుకుతాయి. ఆప్టోకప్లర్ ఎందుకంటే, సైట్ ప్యానెల్‌లో కంట్రోల్ వైరింగ్, పవర్ వైరింగ్ విడిగా ఉంచి మధ్యలో కాంటాక్టర్ పెడతాం చూడండి, అదే పని. రెండు వైపులా కరెంటు కలవదు, హమ్మింగ్ రాదు.

ప్రోగ్రాంలో సీరియల్ స్పీడు 31,250. స్టార్ట్ మెసేజ్ రాగానే లెక్క సున్నా చెయ్యాలి. మొదటి టిక్కుకి ఒకసారి, తర్వాత ప్రతి 24కి ఒకసారి, మొత్తం నాలుగు సార్లు నొక్కించి ఆపెయ్యాలి. పాటంతా నొక్కుతూ ఉంటే కొన్ని పెడల్స్‌లో మోత కుదుపుతుంది. ఒక్కో నొక్కు 50 మిల్లీసెకండ్లు చాలు. ఎక్కువసేపు పట్టుకుంటే కొన్ని పెడల్స్ వేరే మోడ్‌లోకి పోతాయి.

మూడు జాగ్రత్తలు. ఆర్డినోలోకి ప్రోగ్రాం ఎక్కించేటప్పుడు ఆర్‌ఎక్స్ పిన్ వైరు తీసెయ్యండి. పీసీ817 ఒక వైపే పనిచేస్తుంది కాబట్టి జాక్‌లో ప్లస్ ఎటుందో మల్టీమీటర్‌తో చూసుకోండి. కీబోర్డుకి 5 పిన్నుల మిడి అవుట్ ఉందా, సెట్టింగ్స్‌లో క్లాక్ పంపడం ఆన్‌లో ఉందా చూశాకే సామాను కొనండి. యూఎస్‌బీ మాత్రమే ఉంటే ఈ డబ్బా సరిపోదు.

పెడల్‌కి ట్యాప్ జాకే లేకపోతే దాన్ని విప్పొద్దు. ఇంటికి పంపే డబ్బు ఆపి కొత్తదీ కొనొద్దు. లెక్క కట్టి 375 దగ్గర నాబ్ మీద మార్కర్ గీత పెట్టుకోండి, అదే టెంపోలో ఆ పాట వాయించండి. మీ పెడల్ మోడల్ పేరు చెప్తూ వాయిస్ మెసేజ్ పెట్టండి, వచ్చేవారం వాటి గురించే మాట్లాడుకుందాం. ఉంటాను.