మేదరి గంప

నేడు నేను గంపనుగూర్చి ప్రసంగింప బూనితిని. పంతులు పురాణము విడిచి గంప నెత్తుకొన్నాడేమని మా సిద్దిపేట పెద్దలు నవ్వవచ్చును. నవ్వుదురు గాక. గుమ్మి, చేట, తట్ట, జల్లెడ, కోళ్లగంప, పెండ్లికూతును మేనమామ మోసితెచ్చు బుట్ట, ఇవి లేక మన తాతలనాడు సంసారము సాగలేదు. సద్దులనాడు బతుకమ్మను పేర్చుటకును సిబ్బి కావలెను గదా!

వెదురు శాస్త్రరీత్యా చెట్టు కాదు, గడ్డిజాతి. మేదరి దానిని నీట నానవేయును. అందుచే లోపలి పిండిపదార్థము కొంత తొలగి పురుగు పట్టుట తగ్గును. పిమ్మట నిలువున చీల్చి, బెరడువైపు దబ్బలను వేఱుగను, లోపలివానిని వేఱుగను తీయును. బెరడు దబ్బ గట్టిది.

ఇక అల్లిక. నిలువు దబ్బలను బండిచక్రపు టాకులవలె పఱచి, సన్నని యీనెను ఒకదాని మీదుగను, మఱియొకదాని క్రిందుగను త్రిప్పుదురు. ఒకే యీనెతో నల్లునపుడు, దబ్బలు సరిసంఖ్య యైనచో రెండవ చుట్టునను ఈనె మొదటి చుట్టు నడచిన దారినే నడచును, అల్లిక బిగియదు. బేసి యైనచో మొదట మీదుగా పోయినచోట రెండవమాఱు క్రిందుగా పోవును. కావున ఒక్క దబ్బను రెండుగా చీల్చి లెక్కను బేసి చేయుదురు. ముప్పదియేండ్లు బడిలో సరి బేసి చెప్పితిని. ఇంతకంటె మంచి యుదాహరణము నాకు దొరకలేదు. పలక పట్టని మేదరి యిల్లాలు దీనిని వ్రేళ్లతో నెఱుగును.

ఆఫ్రికాఖండమున రువాండా దేశపు స్త్రీలు అగసెకె యను మూతబుట్టను చేయుదురు. వారిది చుట్టమీద చుట్ట పేర్చి కుట్టు పద్ధతి. అందు సరి బేసి చింత లేదు. అచటను పెండ్లిలో బుట్టకు స్థానము కలదు. 1994లో ఆ దేశమున టుట్సీ తెగపై నరమేధము జరిగి లక్షలాది జనులు హతులైరి. తరువాత హుటూ, టుట్సీ స్త్రీలు, అందు విధవలు పెక్కురు, ఒక్కచోట కూర్చుండి బుట్టలల్లి అమెరికాకు పంపిరి. అచటివారు వానిని కళావస్తువులని కొని యింట నలంకరించుకొనిరి.

మన మేదరికి ఆ మర్యాద లేదు. ప్లాస్టిక్ తట్ట చౌక, నేనును కాదనను. కాని సరిగా ఆరని గింజ అందులో గాలి యాడక ముక్కిపోవును. గంపకు సందులు కలవు. చట్టమును మేదరికి చాలకాలము తోడుపడలేదు. 1927 నాటి భారత అటవీ చట్టము వెదురును చెట్లలో చేర్చినది. అడవి వెలుపల పెరుగు వెదురును అందుండి తొలగించినది 2017లో. గడ్డిని గడ్డి యనుటకు 90 ఏండ్లు పట్టినది!

ఈ తడవ సంతలో గంప కొనునపుడు దానిని బోర్లించి అడుగు చూడుడు. దబ్బలను లెక్కించుడు. చీల్చిన దబ్బ యెక్కడ నున్నదో కనుగొనుడు. ఆ పిమ్మట ఎంత బేరమాడుదురో ఆడుడు.