బండి వివరం బజారున పడరాదు



కలిదిండిలో చేపల చెరువులకు మేత మోసేది బండ్లే. కొన్ని బండ్లు ఆడవాళ్ళ పేరున కూడా ఉంటాయి.

బండి కొంటే రవాణా ఆఫీసులో రాయించాలి. పేరు, చిరునామా, ఫోను నంబరు ఇవ్వాలి. అది చట్టం. దొంగబండిని పట్టాలన్నా, గుద్ది పారిపోయిన బండిని పట్టాలన్నా ఆ లెక్క కావాలి. దేశంలో కోట్ల బండ్ల లెక్క 'వాహన్' అనే కంప్యూటరు చిట్టాలో ఉంది.

ఆ చిట్టాను కంపెనీలకు వెలకట్టి ఇచ్చే విధానాన్ని 2019లో కేంద్ర ప్రభుత్వం తెచ్చింది. ఏడాదికి వెల 3 కోట్ల రూపాయలు! 87 ప్రైవేటు కంపెనీలకు వివరాలు అందాయనీ, 65 కోట్లు వచ్చాయనీ ఆ జూలైలో మంత్రి నితిన్ గడ్కరీ రాజ్యసభలో చెప్పారు.

బండిగలవాళ్ళను ఎవరడిగారు? ఎవరూ అడగలేదు.

బండి వివరాన్ని వేరే వివరాలతో జోడిస్తే మనిషి ఎవరో తెలిసిపోవచ్చు. ఆ మాట విధానం కాగితంలోనే ఉంది. చివరికి 2020 జూన్‌లో దాన్ని రద్దు చేశారు. కాని గట్టు తెగాక పోయిన చేప చెరువుకు తిరిగి వస్తుందా?

సొంత వివరం దాచుకోవడం ప్రాథమిక హక్కు. 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు ఈ తీర్పు ఇచ్చింది.

అందుకే ఎవరైనా ఫోను నంబరు అడిగితే "ఎందుకండీ?" అని అడగండి. బండి నిలిపే చోట చీటీకి బండి నంబరు చాలు. ఏ కాగితమైనా చదివాకే సంతకం పెట్టండి. చదువు నేర్చింది అందుకే గదా!