తుపాకీ పట్టీ - పెన్సిలు గీత
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సభ్యుడూ తనకు తెలిసిన ఒక విషయం గురించి పది నిమిషాలు మాట్లాడాలని కార్యదర్శి గారు ఆదేశించారు. జీవితమంతా ఫైళ్ల మధ్య గడిపిన గుమాస్తాను. డి.ఏ. లెక్కలు చెబుతాననుకొని ఉంటారు. కాని నేను తుపాకీ పట్టీ గురించి చెప్పదలిచాను. నవ్వకండి. మనలో చాలామంది మనుమలు, మనుమరాళ్లు ఎన్.సి.సి.లో ఉన్నారు. మా మనుమరాలు కూడా చేరింది. మొన్న వచ్చి, "తాతయ్యా, రైఫిల్ భుజం మీద నిలవడం లేదు, జారిపోతోంది" అంది. ఆ మాట నన్ను అరవై ఏళ్లు వెనక్కి తీసుకువెళ్లింది.

చైనా యుద్ధం తర్వాత 1963లో కాలేజీ మగపిల్లలకు ఎన్.సి.సి. తప్పనిసరి చేశారు. 1968లో మళ్లీ ఐచ్ఛికం అయింది. నేను పి.యు.సి. చదివింది ఆ మధ్య కాలంలోనే. మాకిచ్చినవి పాయింట్ త్రీ నాట్ త్రీ రైఫిళ్లు. ఒక్కొక్కటి సుమారు నాలుగు కిలోలు. మైలు నడిచేసరికి ఆ నాలుగు కిలోలు నలభై అయ్యేవి. ఆ బరువును మోసేది భుజమే అయినా, నిలబెట్టేది పట్టీ.

ముందుగా ఒక హెచ్చరిక. పట్టీ మీద చెయ్యి వేసే ముందు తుపాకీ మూతి మనుషులు లేని వైపు తిప్పాలి. మ్యాగజైన్ తీసి, బోల్టు తెరిచి, లోపల తూటా లేదని కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవాలి. "ఖాళీదే" అని ఎవరు చెప్పినా సరే, మనం చూడవలసిందే.

ఈ పట్టీని రెండు చోట్ల తగిలిస్తారు. ఒకటి ముందు గొట్టం కింద, రెండోది వెనుక మడమ కింద. ఆ రెండు చోట్లా స్వివెల్ అనే తిరిగే కడియాలుంటాయి. వాటి మరలు బిగువుగా ఉన్నాయా, కడియం సులువుగా తిరుగుతోందా చూడాలి. పట్టీ వెడల్పు కడియానికి సరిపోవాలి. మా త్రీ నాట్ త్రీ పట్టీ అంగుళంపావు. అంతకన్న సన్నదైతే పక్కకు జరిగి మెలిపడుతుంది. వెడల్పయితే కడియంలో నలిగి అంచులు చిరుగుతాయి.

ఇక దేనితో చేసినది మంచిది? నూలు పట్టీ చొక్కా మీద జారదు, కాని తడిస్తే కుంచించుకుపోతుంది, ఆరడానికి చాలాసేపు పడుతుంది. తోలు పట్టీ మెత్తగా ఉంటుంది, కాని తడిస్తే సాగుతుంది, మన కోస్తా వానలకు బూజు పడుతుంది, అప్పుడప్పుడు నూనె రాయాలి. నైలాను పట్టీ నీటికి లొంగదు, గట్టిది, కాని నున్నగా ఉండి భుజం మీద జారుతుంది, అంచు మెడను కోస్తుంది. నడకకు నా ఓటు నూలు పట్టీకే. ఎండకు వెలిసినది, కుట్లు వదిలినది, మడత దగ్గర పోగులు లేచినది ఎంత బతిమాలినా తీసుకోవద్దు.

తగిలించేటప్పుడు మెలిక లేకుండా కడియంలోంచి దూర్చి వెనక్కి మడవాలి. పాత పట్టీల ఇత్తడి కొసల అంచులు లోపలికి వంచి ఉంటాయి. మడిచిన పట్టీని పట్టి ఉంచేవి అవే. మడత అందులో పూర్తిగా కూర్చోవాలి. బకిలు ఉన్న పట్టీ అయితే, బకిలు దాటి కనీసం నాలుగు వేళ్ల కొస మిగలాలి. పొడవు చూడడానికి, మోసేటప్పుడు వేసుకొనే బట్టలతోనే భుజాన వేసుకోవాలి. పట్టీకి, చంకకు మధ్య అరచేయి దూరాలి. మడమ తొడకు కొట్టుకుంటే పట్టీ పొడవెక్కువ.

చివరగా పెన్సిలు గీత. పట్టీ మడతలోంచి బయటికి వచ్చే చోట సన్నగా గీత గీయాలి. పరచిన దుప్పటి మీదుగా తుపాకీని పట్టుకొని, పట్టీని మూడుసార్లు గట్టిగా లాగాలి. నూరడుగులు నడవాలి. గీత జరిగిందంటే బిగింపు సరిగా లేనట్టే, మళ్లీ మొదటి నుంచి చెయ్యాలి.

గురి చూడడానికి కూడా పట్టీ పనికొస్తుంది. బోర్లా పడుకొని కాల్చేటప్పుడు ఎడమ దండకు మోచేతి పైన చుట్టుకుంటే బరువు కండ మీద కాక ఎముక మీద, పట్టీ మీద ఆనుతుంది. మరీ బిగిస్తే మన నాడి కొట్టుకోవడం గురిలోనే కనబడుతుంది. అయితే అన్ని పోటీల్లోనూ పట్టీ వాడనివ్వరు. మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీ నిలబడి కాల్చేది. అందులో పట్టీ నిషిద్ధం.

ఈ పెన్సిలు గీత నాకు నేర్పిన మనిషి గురించి చెప్పి ముగిస్తాను. క్యాంపులో ఒకనాడు తెల్లవారుజామున రూట్ మార్చ్. ఆలస్యమై, ఇత్తడి కొసలో మడత సగమే దూర్చి బయలుదేరాను. రెండో మైలులో ముందు వైపు పట్టీ ఊడిపోయింది. తుపాకీ వెనక్కి తూలి, మూతి నా వెనుక కుర్రవాడి కనుబొమ్మకు తగిలింది. మూడు కుట్లు పడ్డాయి. అంగుళం కిందికైతే కన్నే పోయేది. హవల్దారు అడిగితే, "ఇత్తడి కొస వదులుగా ఉందండీ" అన్నాను. అందరి ముందూ చీవాట్లు తిన్నది ఆయుధాల గది చూసే లాస్కర్ గారు. ఆయన ఆ కొసను చూశారు, నన్ను చూశారు, ఒక్కమాట అనలేదు. సాయంత్రం నన్ను పిలిచి, అదే పట్టీ చేతికిచ్చి, చెవి మీది పెన్సిలు తీసి గీత గీసి చూపించారు. "బాబూ, రేపూ నీకిదే పట్టీ ఇస్తాను" అన్నారు, అంతే.

తర్వాత ఉద్యోగంలో బిల్లుల మీద "సరిచూచితిని" అని సంతకం పెట్టే ముందు ఆ గీత గుర్తుకొచ్చేది. మళ్లీ ఒకసారి కూడిక వేసేవాణ్ణి. ఇదంతా మనుమరాలికి చెబితే ఒకటే అడిగింది, "మరి తప్పు నీదేనని ఆయనకు చెప్పావా తాతయ్యా?" అని. చెప్పలేదు. ఆయన పేరైనా అడగలేదు. అందుకే ఈరోజు మీ అందరి ముందూ చెబుతున్నాను. ఆ కొస వదులుగా లేదు. తప్పు నాదే.