రాజు లాక్కున్న కాగితం, మనకు రాని నోటిఫికేషన్

ఈ రోజు ఒక చిన్న లెక్కతో మొదలెడదాం. నాకు ఓటు హక్కు 2015లో వచ్చింది. మా వార్డు కార్పొరేటర్‌కి నేను మొదటిసారి ఓటేసింది మాత్రం 2021 మార్చి 10న. ఈ మధ్యలో అసెంబ్లీకి, పార్లమెంటుకి వేసేశాను. వీధి కాలువ సంగతి చూసే మనిషికే వేయలేదు, ఎందుకంటే ఎన్నికే పెట్టలేదు. 2007లో గెలిచిన కౌన్సిల్ గడువు 2012లో అయిపోయింది. ఆ తర్వాత తొమ్మిదేళ్లు జీవీఎంసీని నడిపింది ప్రభుత్వం వేసిన ప్రత్యేకాధికారులే.

ఇది చదువుతుంటే నాకు పాత ఇంగ్లండ్ కథ ఒకటి దొరికింది. అక్కడ ఊరు తన పాలన తాను చూసుకోవాలంటే రాజు దగ్గర నుంచి ‘చార్టర్’ అనే పత్రం ఉండాలి. మన భాషలో అడ్మిన్ యాక్సెస్ అనుకోండి. 1683లో రాజు రెండో చార్లెస్ కోర్టులో కేసు గెలిచి, ఏకంగా లండన్ నగరం చార్టర్‌నే రద్దు చేయించాడు. ఇక మేయర్ ఎవరో రాజు ఇష్టం.

అసలు మజా ఇక్కడుంది. ఆయన తమ్ముడు రెండో జేమ్స్ రాజయ్యాక, 1687 డిసెంబర్‌లో, ఆయన ఆమోదంతోనే ఈస్టిండియా కంపెనీ మన పక్కనున్న మద్రాసుకి చార్టర్ ఇచ్చింది. లండన్‌కి అప్పటికి చార్టర్ లేదు! 1688 అక్టోబర్‌లో, సింహాసనం ఊగుతున్నప్పుడు గానీ తిరిగి ఇవ్వలేదు.

మద్రాసు మీద అంత ప్రేమ ఎందుకంటారా? పన్ను. కంపెనీ వేస్తే జనం కట్టట్లేదు. వాళ్ల మనుషులే కూర్చుని వేస్తే కడతారని లెక్క. అందుకే 12 మంది ఆల్డర్‌మెన్‌లో ముగ్గురు ఇక్కడి హిందూ వ్యాపారులు. వాళ్లలో ఒకరు చిన్న వెంకటాద్రి. అయినా జనం పెద్దగా కట్టలేదులెండి.

మన దగ్గర చూడండి. విశాఖ 1979లో కార్పొరేషన్ అయింది, 2005లో గాజువాకను, చుట్టుపక్కల గ్రామాలను కలుపుకుని గ్రేటర్ అయింది. రాజ్యాంగంలో 243-యు అధికరణం ఉంది: కౌన్సిల్ గడువు ఐదేళ్లు, అది ముగిసేలోపే ఎన్నిక జరగాలి. 2006లో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అయినా విలీనాలు, వార్డుల విభజన, కోర్టు కేసులు అంటూ తొమ్మిదేళ్లు గడిచిపోయాయి. ఆ రాజు కనీసం కేసు వేసి లాక్కున్నాడు, జనానికి కనబడింది. ఇక్కడ ఎవరూ ఏమీ రద్దు చేయలేదు. నోటిఫికేషన్ రాలేదు, అంతే. మనం మాత్రం ఇంటి పన్ను కడుతూనే ఉన్నాం.

ఏ పార్టీ అని అడక్కండి. ఆ తొమ్మిదేళ్లలో అధికారంలో ఒకే పార్టీ లేదు.

2021 కౌన్సిల్ ఐదేళ్ల గడువు 2026 మార్చి వరకే. 98 వార్డుల్లో మీది ఎన్నో నంబరు? గూగుల్ చేయకుండా కామెంట్‌లో పెట్టండి చూద్దాం.